ఆఫీసులో మనుషులు సంతోషంగా ఉండాలి, పనీ సాగాలి: తరచుగా అడిగే ప్రశ్నలు

కొత్తగా టీమ్ లీడ్ అయినవాళ్లు, చిన్న కంపెనీ నడిపేవాళ్లు, హెచ్ఆర్‌లో ఉన్నవాళ్లు మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్నలివి. కొన్నిటికి పరిశోధనల్లో గట్టి జవాబే ఉంది, కొన్నిటికి నా అభిప్రాయం చెప్పాను, ఏది ఏదో చదువుతుంటే మీకే తెలిసిపోతుంది. ఉద్యోగుల్ని సంతోషపెట్టడానికి బయటి నుంచి ఏదో ఒకటి తెచ్చి పెట్టాలి అనుకుని వచ్చినవాళ్లకు మాత్రం కాస్త నిరాశ తప్పదు. నా లెక్కలో ముందు చేయాల్సింది, రోజూ పనిలో మనిషిని విసిగించేవాటిని ఒక్కొక్కటిగా తీసేయడం. మిగతాదంతా ఆ తర్వాతే.

సంతోషంగా ఉంటే పని ఎక్కువ జరుగుతుందా? లేక ఇది హెచ్ఆర్ వాళ్లు చెప్పుకునే మాటేనా?

జరుగుతుంది. బ్రిటన్‌లో బీటీ అనే టెలికాం కంపెనీ కాల్ సెంటర్లలో ఆక్స్‌ఫర్డ్ పరిశోధకులు ఆరు నెలలపాటు వారం వారం ఉద్యోగుల్ని "ఈ వారం ఎలా ఉన్నారు?" అని అడిగి, ఆ జవాబుల్ని అమ్మకాల లెక్కల పక్కన పెట్టి చూశారు. 2019లో ఫలితాలు బయటికొచ్చాయి. హుషారుగా ఉన్న వారాల్లో అదే మనుషులు సుమారు 13 శాతం ఎక్కువ అమ్మారు. అలాగని ఎక్కువ గంటలేమీ కూర్చోలేదు, ఉన్న గంటల్లోనే ఎక్కువ కాల్స్ మాట్లాడారు, ఆ కాల్స్‌లో ఎక్కువ శాతం అమ్మకాలయ్యాయి.

అయితే ఇది రెండువైపులా నడుస్తుంది. పని సజావుగా సాగిన రోజు మనిషి ఇంటికి తేలికగా వెళ్తాడు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఒక ఫైల్ కోసం ముగ్గురి వెంట తిరిగి, చివరికి "రేపు చూద్దాం" అనిపించుకున్నవాడికి మీరు సాయంత్రం ఎంత గొప్ప కార్యక్రమం పెట్టినా నవ్వు రాదు. కాబట్టి సంతోషాన్ని ఒక విభాగానికి, పనిని ఇంకో విభాగానికి అప్పజెప్పే కంపెనీల్లో రెండూ కుంటుతూనే ఉంటాయి.

జీతాలు పెంచితే సరిపోదా? ఇంత చర్చ ఎందుకు?

జీతం సరిగ్గా లేకపోతే ఈ పేజీలో మిగతా మాటలన్నీ దండగే. తేదీకి జీతం పడని చోట పని వాతావరణం గురించి ఉపన్యాసాలిస్తే ఉద్యోగులు మనసులో తిట్టుకుంటారు, తిట్టుకోవాలి కూడా.

1914 జనవరిలో ఫోర్డ్ కార్ల కంపెనీ రోజు కూలిని ఐదు డాలర్లకు, అంటే దాదాపు రెట్టింపుకు పెంచింది. జాలిపడి కాదు. అంతకుముందు ఏడాది అక్కడ మానేసేవాళ్లు, కొత్తగా చేరేవాళ్లు ఎంతమంది అంటే, ఏడాదిలో మానేసేవాళ్ల రేటు 370 శాతం. అంటే వంద మంది పనిచేసే చోట ఏడాదిలో 370 సార్లు కొత్తవాళ్లను పెట్టుకోవాల్సి వచ్చింది. అసెంబ్లీ లైన్ మీద ఒకే పని అలా చేస్తూ ఉండలేక పారిపోయేవాళ్లు. కూలి పెంచాక మానేసేవాళ్లు అమాంతం తగ్గారు. (ఆ ఐదు డాలర్లు పూర్తిగా రావాలంటే ఇంట్లో ఎలా బతుకుతున్నారో చూడటానికి కంపెనీ మనుషులు ఇంటికి వచ్చేవాళ్లు. ఈ సంగతి మేనేజ్‌మెంట్ క్లాసుల్లో పెద్దగా చెప్పరు.)

మరి జీతం ఒక్కటే ఎందుకు చాలదు? ఫ్రెడరిక్ హెర్జ్‌బర్గ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1950ల చివర్లో సుమారు రెండు వందల మంది ఇంజినీర్లను, అకౌంటెంట్లను అడిగాడు: పనిలో ఎప్పుడు బాగా అనిపించింది, ఎప్పుడు చిరాకేసింది అని. చిరాకు తెప్పించినవాటిలో జీతం, పైవాళ్ల పెత్తనం, కంపెనీ రూల్సు ఎక్కువగా వచ్చాయి. బాగా అనిపించినవాటిలో ఏదో సాధించడం, గుర్తింపు, పని మీదే ఇష్టం, బాధ్యత వచ్చాయి. ఆ పద్ధతి మీద తర్వాత చాలా విమర్శలొచ్చాయి, ఎందుకంటే మంచి జరిగితే "నేనే చేశాను" అని, చెడు జరిగితే "వాళ్ల వల్లే" అని చెప్పడం మనిషి నైజం. అయినా అసలు విషయం ఆఫీసులో పనిచేసిన ఎవరికైనా తెలిసిందే. జీతం తక్కువైతే మండుతుంది, చాలినంత వస్తే ఆ మంట ఆరుతుంది. అంతమాత్రాన పొద్దున్నే పరుగెత్తుకు రారు.

ఇంకోటి, ఎంత వస్తోంది అన్నదానికంటే పక్కవాడితో పోలిస్తే ఎలా ఉంది అన్నదే ఎక్కువ బాధపెడుతుంది. ఐదేళ్లుగా ఉన్న మనిషి కంటే నిన్న చేరినవాళ్లకు ఎక్కువ ఇస్తున్నారని తెలిసిందనుకోండి (తెలియకుండా ఉండదు), ఆ మనిషి అదే రోజు రెజ్యూమె తీస్తాడు. కొత్తవాళ్లను తీసుకునే ముందు పాతవాళ్ల జీతాలు ఒకసారి సరిచూసుకోండి.

ఆటల గది పెట్టాం, యోగా క్లాసులు పెట్టాం, ఒత్తిడి తగ్గించే యాప్ కూడా కొన్నాం. తేడా ఏమీ లేదెందుకు?

ఎందుకంటే ఒత్తిడి పుడుతున్నది పనిలో, మీరు మందు రాస్తున్నది మనిషికి. విలియం ఫ్లెమింగ్ అనే ఆక్స్‌ఫర్డ్ పరిశోధకుడు బ్రిటన్‌లో 233 సంస్థల్లోని 46,336 మంది ఉద్యోగుల సర్వే వివరాలు చూసి 2024లో ఒక వ్యాసం వేశాడు. ధ్యానం, ఒత్తిడిని తట్టుకునే శిక్షణ, వెల్‌నెస్ యాప్‌లు లాంటివాటిలో పాల్గొన్నవాళ్లు, పాల్గొననివాళ్ల కంటే ఏమీ మెరుగ్గా లేరు. స్వచ్ఛంద సేవకు అవకాశమిచ్చిన కార్యక్రమాల్లో మాత్రం కాస్త తేడా కనబడింది.

యోగా చెడ్డదని నేననట్లేదు. ఇద్దరి పని ఒక్కరి మీద వేసి, వాళ్లకే మధ్యాహ్నం ధ్యానం క్లాసు పెడితే ఆ గంట పని కూడా సాయంత్రానికి వాయిదా పడుతుంది, అంతే. క్లాసులో కళ్లు మూసుకుని కూర్చున్నా బుర్రలో పెండింగ్ లిస్టే తిరుగుతుంటుంది.

మరి ఎక్కడ మొదలుపెట్టాలి?

ఒక్కొక్కరినీ విడిగా కూర్చోబెట్టి ఒకే ప్రశ్న అడగండి: "మీ పని ఎక్కడ ఆగిపోతోంది?" "సంతోషంగా ఉన్నారా?" అని అడిగితే అందరూ "బాగానే ఉంది సార్" అంటారు. పని ఎక్కడ ఆగుతోందని అడిగితే అసలు సంగతులు బయటికొస్తాయి, ఎందుకంటే అది ఫిర్యాదులా అనిపించదు.

ఒక ఉదాహరణ. బిల్లింగ్ కౌంటర్‌లో ఒకావిడ పనిచేస్తోంది. కస్టమర్ ఏ చిన్న వస్తువు వెనక్కి ఇచ్చినా డబ్బు తిరిగివ్వాలంటే మేనేజర్ సంతకం కావాలి. మేనేజర్ గోడౌన్‌లో ఉంటాడు, లేదా ఫోన్‌లో ఉంటాడు. కస్టమర్ ఎదురుగా నిలబడి గొణుగుతుంటాడు, వెనక లైన్ పెరుగుతుంటుంది, లైన్లో ఉన్నవాళ్లంతా ఆవిడనే చూస్తుంటారు. తప్పు ఆవిడది కాదు, కానీ తిట్లు ఆవిడకే. ఇది రోజుకు ఎన్నిసార్లు జరుగుతుందో ఊహించండి. ఇప్పుడు "ఇంత మొత్తం లోపు అయితే మీరే ఇచ్చేయండి, సాయంత్రం నాకు లిస్టు పంపండి చాలు" అని ఒక్క మాట చెబితే, ఆవిడ తలనొప్పి, కస్టమర్ కోపం, మేనేజర్ పరుగులు అన్నీ ఒకేసారి తగ్గుతాయి. దీనికి ఖర్చు ఎంత? మహా అయితే అప్పుడప్పుడూ ఒక తప్పుడు రిఫండ్.

దీని వెనక గట్టి శాస్త్రమే ఉంది. రాబర్ట్ కరాసెక్ అనే పరిశోధకుడు 1979లో చెప్పిందేంటంటే, పని ఎక్కువగా ఉండటం ఒక్కటే మనిషిని కుంగదీయదు. పని ఎక్కువగా ఉండి, దాన్ని ఎలా చేయాలో తేల్చుకునే అధికారం లేకపోవడం కుంగదీస్తుంది. బ్రిటన్ ప్రభుత్వ ఉద్యోగుల మీద 1967లో మొదలైన వైట్‌హాల్ అధ్యయనాల్లో ఇంకో విచిత్రం బయటపడింది. గుండెజబ్బులు పెద్ద పదవుల్లో తలమునకలయ్యే అధికారులకే ఎక్కువని అప్పటిదాకా అందరూ అనుకునేవాళ్లు. తీరా చూస్తే ఉద్యోగం మెట్టు కిందికి దిగేకొద్దీ గుండెజబ్బు చావులు పెరిగాయి. సిగరెట్లు, రక్తపోటు లాంటివాటిని లెక్కలోకి తీసుకున్నా తేడా పూర్తిగా పోలేదు. 1985లో మొదలైన రెండో విడతలో, తమ పని మీద తమకు పట్టు లేకపోవడం ఇందులో పెద్ద భాగమని తేలింది. "ఏం చేయాలో పైవాళ్లు చెబుతారు, నువ్వు చేయి" అన్న పద్ధతికి ఒంటి మీద కూడా ఖర్చు పడుతుందన్నమాట.

కాబట్టి మొదటి నెలలో కొత్తగా ఏమీ పెట్టకండి. తీసేయండి. ఎవరూ చదవని రిపోర్టు, మూడు చోట్ల నింపాల్సిన ఒకే ఫారం, ఎందుకు జరుగుతుందో ఎవరికీ గుర్తులేని సోమవారం మీటింగ్.

మనుషులు కంపెనీని కాదు, మేనేజర్‌ని వదిలి వెళ్తారంటారు. నిజమేనా?

కొంచెం అతిశయోక్తి ఉంది. జీతం కోసం, ఇల్లు మారి, చదువు కోసం వెళ్లేవాళ్లూ ఉంటారు. కానీ ఒకే కంపెనీ, అవే జీతాలు, అవే రూల్సు ఉన్నా పై అంతస్తు టీమ్‌లో ఎవరూ మానేయకుండా, కింది అంతస్తు టీమ్‌లో ఎవరూ నిలవకుండా ఉంటే కారణం ఎక్కడుందో వెతకడానికి కమిటీ అక్కర్లేదు.

గూగుల్ 2002లో ఇంజినీరింగ్‌లో మేనేజర్లే వద్దని తీసేసి చూసింది. కొన్ని నెలలు కూడా సాగలేదు, ఖర్చుల బిల్లుల దగ్గర్నుంచి చిన్న చిన్న గొడవల దాకా అన్నీ కంపెనీ పెట్టినాయన దగ్గరికే రావడం మొదలైంది. తర్వాత అదే కంపెనీ ప్రాజెక్ట్ ఆక్సిజన్ పేరుతో మంచి మేనేజర్ అంటే ఎవరని తమ సొంత లెక్కలతోనే తేల్చుకుంది. కోడింగ్ నైపుణ్యం అడుగున ఎక్కడో ఉంది. పైన ఉన్నవి: నేర్పించడం, ప్రతిదాంట్లో వేలు పెట్టకుండా ఉండటం, మనుషుల బాగోగులు పట్టించుకోవడం.

మనం చేసే పెద్ద పొరపాటు, పని బాగా చేసేవాణ్ణి బహుమతిగా మేనేజర్ని చేయడం. పది మందిలో బాగా అమ్మేవాణ్ణి సేల్స్ మేనేజర్ని చేస్తే మంచి అమ్మేవాడు పోతాడు, ఒక అయోమయపు మేనేజర్ వస్తాడు. మేనేజర్ కాకుండానే జీతం, హోదా పెరిగే దారి ఒకటి ఉంచండి. మేనేజర్ని చేసేవాళ్లకు ముందు ఇద్దరు జూనియర్లను అప్పజెప్పి చూడండి, ఆ ఇద్దరూ ఏమంటున్నారో వినండి.

కొత్త మేనేజర్లకు ఒక సలహా: శుక్రవారం సాయంత్రం "సోమవారం పొద్దున నాతో మాట్లాడాలి" అని ఒక్క ముక్క మెసేజ్ పెట్టి ఊరుకోకండి. మీరు అడగాలనుకున్నది లీవ్ లిస్టు గురించే కావచ్చు. అవతలి మనిషి మాత్రం రెండు రోజులు నిద్రపోడు. విషయం ఏంటో ఆ మెసేజ్‌లోనే రాయండి.

మీటింగ్‌లో ఎవరూ నోరు విప్పరు. బయటికెళ్లాక మాత్రం గుంపుగా మాట్లాడుకుంటారు. ఏం చేయాలి?

చివరిసారి నోరు విప్పినవాళ్లకు ఏమైందో గుర్తుతెచ్చుకోండి. అందరికీ గుర్తుంటుంది, మీకు తప్ప.

ఎమీ ఎడ్మండ్‌సన్ అనే ప్రొఫెసర్ 1990ల్లో ఆసుపత్రి బృందాల్లో మందుల పొరపాట్లు లెక్కించడానికి వెళ్లింది. మంచి బృందాల్లో పొరపాట్లు తక్కువుంటాయనుకుంటే, లెక్కల్లో ఎక్కువ కనబడ్డాయి. తరచి చూస్తే, ఆ బృందాల్లో పొరపాటు జరిగితే చెప్పుకోగలుగుతున్నారు, మిగతా చోట్ల దాచేస్తున్నారు. ఆ ధైర్యాన్నే ఆవిడ 1999 వ్యాసంలో సైకలాజికల్ సేఫ్టీ అంది, ఇప్పుడు ప్రతి హెచ్ఆర్ ప్రెజెంటేషన్‌లో కనబడేది అదే. గూగుల్ తర్వాత సుమారు 180 టీమ్‌లను పరిశీలించి, ఎవరెవరు టీమ్‌లో ఉన్నారన్నదానికంటే ఒకరితో ఒకరు ఎలా ఉంటున్నారన్నదే ముఖ్యమని, అందులో మొదటిది ఈ భరోసానే అని చెప్పింది.

టొయోటా ఫ్యాక్టరీల్లో లైన్ పక్కన ఒక తాడు ఉండేది. ఏదైనా తేడాగా కనిపిస్తే ఏ కార్మికుడైనా దాన్ని లాగొచ్చు. లాగగానే టీమ్ లీడర్ వస్తాడు, ఇద్దరూ కలిసి చూస్తారు, అప్పటికీ తేలకపోతే లైన్ ఆగుతుంది. అసలు కిటుకు తాడులో లేదు, లాగినవాణ్ణి "ఎందుకు లాగావ్?" అని గద్దించకపోవడంలో ఉంది. అదే తాడు తెచ్చి అరిచే సూపర్‌వైజర్ ఉన్న చోట కడితే దుమ్ము పడుతుంది.

అందుకే చెడ్డ కబురు విన్న మొదటి పది సెకన్లు మీ మొహం ఎలా ఉందన్నదే అన్నిటికంటే ముఖ్యం. "సార్, క్లయింట్‌కి తప్పు ఫైల్ వెళ్లిపోయింది" అని ఒకరు వచ్చి చెప్పారనుకోండి. "ఎవరు పంపారు?" అని అడిగితే వచ్చేసారి ఆ కబురు క్లయింట్ దగ్గర్నుంచే మీకు తెలుస్తుంది. "సరే, ఇప్పుడు ఏం చేద్దాం?" అంటే తప్పు అరగంటలో సర్దుకుంటుంది. ఎవరు, ఎందుకు అన్నది రేపు మాట్లాడుకోవచ్చు. మాట్లాడుకోవాలి కూడా, భరోసా అంటే ఎవరేం చేసినా అడగకపోవడం కాదు.

ఇంకో చిన్న చిట్కా, మీటింగ్‌లో పెద్దవాళ్లు ఆఖర్న మాట్లాడాలి. బాస్ అభిప్రాయం ముందే వినేశాక అది తప్పని చెప్పే ఓపిక ఎవరికుంటుంది?

మెచ్చుకుంటే నెత్తికెక్కుతారు కదా?

ఎక్కరు. ఉత్తుత్తి పొగడ్తలకు మాత్రం విలువ పోతుంది. "సూపర్, కీపిటప్" అని గ్రూపులో అందరికీ ఒకే బొటనవేలు బొమ్మ పెడితే అది మెచ్చుకోలు కాదు. "నిన్న ఆ కస్టమర్ అరుస్తున్నా మీరు లెక్క మొత్తం ఓపికగా చూపించారు, అందుకే ఆయన ఆర్డర్ రద్దు చేయలేదు" అంటే ఆ మనిషి ఏళ్ల తరబడి గుర్తుపెట్టుకుంటాడు. ఏం చేశారో, దానివల్ల ఏమైందో చెప్పండి. కొందరికి అందరిముందు పొగిడితే ఇబ్బంది, వాళ్లకు విడిగా చెప్పండి.

పని ఎక్కువుంది, రాత్రి దాకా కూర్చోక తప్పట్లేదు. ఎక్కువ గంటలు పనిచేస్తే ఎక్కువ పని అవుతుంది కదా?

కొంతవరకే. మొదటి ప్రపంచయుద్ధంలో బ్రిటన్ ఆయుధాల ఫ్యాక్టరీల్లో పనిచేసినవాళ్ల రికార్డులు భద్రంగా ఉన్నాయి, వాటిని జాన్ పెన్కావెల్ అనే ఆర్థికవేత్త 2014లో మళ్లీ లెక్కగట్టాడు. వారానికి 70 గంటలు చేసినప్పుడు వచ్చిన ఉత్పత్తి, 56 గంటలు చేసినప్పుడు వచ్చినదానికి పెద్ద తేడా లేదు. పద్నాలుగు గంటలు గాలికి పోయినట్టే. అది చేతులతో చేసే పని, బుర్రతో చేసే పనిలో అలసట ఇంకా దొంగలా వస్తుంది, రాత్రి పది తర్వాత చేసిన తప్పు మర్నాడు మధ్యాహ్నం దాకా దిద్దుకోవాల్సి వస్తుంది.

ఆరోగ్యం సంగతి ఇంకా తీవ్రం. ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ కలిసి 2021లో ఇచ్చిన అంచనా ప్రకారం వారానికి 55 గంటలు, అంతకు మించి పనిచేసేవాళ్లకు, 35 నుంచి 40 గంటలు చేసేవాళ్లతో పోలిస్తే పక్షవాతం ముప్పు 35 శాతం ఎక్కువ, గుండెజబ్బుతో చనిపోయే ముప్పు 17 శాతం ఎక్కువ. 2016 ఒక్క ఏడాదిలో ఇలా పోయిన ప్రాణాలు సుమారు 7,45,000.

అప్పుడప్పుడూ తప్పదు, డెడ్‌లైన్ ముందు రెండు రోజులు అందరం కూర్చుంటాం. ఆ తర్వాత ఆ రెండు రోజులకు సెలవు ఇస్తున్నారా లేదా అన్నదే ప్రశ్న. నెలలో ప్రతి వారం "ఈ ఒక్క వారమే" అవుతుంటే మీ దగ్గర మనుషులు తక్కువున్నారు, లేదా మీరు క్లయింట్‌కి అబద్ధపు తేదీలు ఇస్తున్నారు. ఏది నిజమో మీకే తెలుసు.

వారానికి నాలుగు రోజుల పని మా దగ్గర కుదురుతుందా?

2022లో బ్రిటన్‌లో 61 సంస్థలు, సుమారు 2,900 మంది ఆరు నెలలపాటు జీతం తగ్గించకుండా పని గంటలు తగ్గించి చూశారు. అయిపోయాక 56 సంస్థలు కొనసాగిస్తామన్నాయి. బాగానే ఉంది కానీ, అందులో చేరినవన్నీ ఇష్టపడి ముందుకొచ్చిన సంస్థలు, ఎక్కువగా చిన్నవి. గంటల లెక్కన కౌంటర్‌లో, వార్డులో, మెషీన్ దగ్గర మనిషి ఉండి తీరాల్సిన చోట షిఫ్టులు మార్చుకోవాలి, ఒక్కోసారి మనుషుల్ని పెంచుకోవాలి. ముందు ఒక చిన్న పని చేసి చూడండి: వారంలో ఒక పూట మీటింగ్‌లు పూర్తిగా బంద్. అదే నిలబెట్టుకోలేకపోతే నాలుగు రోజుల వారం మాట అనవసరం.

రాత్రి మెసేజ్ పెడతాను, కానీ వెంటనే జవాబివ్వమని నేను అడగను. అయినా తప్పా?

మీరు అడగరు, వాళ్లు ఇస్తారు. జీతం నిర్ణయించే మనిషి రాత్రి పదకొండింటికి మెసేజ్ పెడితే దాన్ని పొద్దున చూద్దామనుకునే ధైర్యం అందరికీ ఉండదు. ఫ్రాన్స్‌లో అయితే 2017 నుంచి, 50 మంది, అంతకు మించి ఉన్న కంపెనీలు పనివేళలు దాటాక ఫోన్లు, మెయిళ్ల విషయంలో ఉద్యోగులతో చర్చించి ఒక పద్ధతి పెట్టుకోవాలని చట్టమే ఉంది. మీరు చట్టం దాకా వెళ్లక్కర్లేదు, మెసేజ్ రాసి పొద్దున తొమ్మిదింటికి వెళ్లేలా షెడ్యూల్ చేయండి. ఆ బటన్ ఉంది.

ఇంటి నుంచి పని ఇస్తే జనం పనిచేస్తారా?

ఈ విషయంలో ఊహలు అక్కర్లేదు, ప్రయోగాలే ఉన్నాయి. చైనాలో సీట్రిప్ అనే ట్రావెల్ కంపెనీ కాల్ సెంటర్ ఉద్యోగుల్లో కొందరికి లాటరీ వేసినట్టు ఎంపిక చేసి తొమ్మిది నెలలు వారంలో నాలుగు రోజులు ఇంటి నుంచి పని ఇచ్చింది. నికోలస్ బ్లూమ్ అనే ఆర్థికవేత్త బృందం లెక్కల్లో వాళ్ల పనితీరు 13 శాతం పెరిగింది, మానేసేవాళ్లు సగానికి తగ్గారు. అయితే తర్వాత అవకాశమిస్తే వాళ్లలో సగం మంది ఆఫీసుకే తిరిగొచ్చేశారు, ముఖ్యంగా ఒంటరితనం వల్ల.

అదే కంపెనీ తర్వాత 1,612 మందితో వారానికి రెండు రోజులు ఇంటి నుంచి అనే పద్ధతిని పరీక్షించింది, 2024లో ఫలితాలొచ్చాయి. పనితీరులో, ప్రమోషన్లలో తేడా లేదు, రాజీనామాలు మూడో వంతు తగ్గాయి. దూర ప్రయాణం చేసేవాళ్లలో, ఆడవాళ్లలో, మేనేజర్లు కానివాళ్లలో ఈ తగ్గుదల ఎక్కువ. అందుకే రెండు మూడు రోజుల పద్ధతే నాకు నచ్చుతుంది, కాకపోతే ఒక షరతు: టీమ్ అంతా ఒకే రోజుల్లో ఆఫీసుకు రావాలి. గంటన్నర ప్రయాణం చేసి వచ్చి, ఇంట్లో ఉన్న సహోద్యోగితో వీడియో కాల్‌లో మాట్లాడితే ఆ చిరాకు మామూలుగా ఉండదు.

గోడలు తీసేసి ఓపెన్ ఆఫీస్ చేస్తే అందరూ కలిసిమెలిసి ఉంటారు కదా?

హెడ్‌ఫోన్లు పెట్టుకుంటారు. ఇద్దరు హార్వర్డ్ పరిశోధకులు 2018లో, ఓపెన్ ఆఫీసుకు మారిన రెండు పెద్ద కంపెనీల్లో ఉద్యోగుల మెడలో సెన్సర్లు వేసి చూస్తే ఎదురెదురుగా మాట్లాడుకోవడం సుమారు 70 శాతం తగ్గింది, మెయిళ్లు పెరిగాయి. గోడలు తీసినా తీయకపోయినా, తలుపు వేసుకుని నిశ్శబ్దంగా పనిచేసుకునే రెండు గదులు మాత్రం ఉంచండి.

ఒకతను బ్రహ్మాండంగా పనిచేస్తాడు, కానీ టీమ్ మొత్తాన్ని ఏడిపిస్తాడు. ఉంచుకోవాలా, పంపేయాలా?

అన్నిటికంటే ఎక్కువ మంది తప్పించుకు తిరిగే ప్రశ్న ఇదే. అతని అమ్మకాలు, అతని కోడ్, అతని క్లయింట్లు కాగితం మీద కనబడతాయి. అతని వల్ల మానేసిన ముగ్గురు, అతనికి భయపడి అడగాల్సిన ప్రశ్న అడగని కుర్రాడు, అతనితో కలిసి పని వద్దని వేరే టీమ్‌కి మార్పించుకున్న అమ్మాయి ఏ కాగితంలోనూ కనబడరు. ఆ లెక్క కూడా వేసి చూడండి, అప్పుడు అతను అంత బ్రహ్మాండంగా కనిపించకపోవచ్చు.

ముందు విడిగా పిలిచి సూటిగా చెప్పండి. "నీ ప్రవర్తన మార్చుకో" అంటే ఎవరికీ అర్థం కాదు. "మంగళవారం మీటింగ్‌లో ఆ అమ్మాయి మాట్లాడుతుంటే రెండుసార్లు ఆపి, ఇది కూడా తెలియదా అన్నావు. అది మళ్లీ జరగకూడదు" అనాలి. రోజు, మాట, జరగాల్సింది, మూడూ చెప్పాలి. రాసి పెట్టుకోండి. నెల రెండు నెలలు చూడండి. మారితే మంచిదే, చాలామంది మారతారు కూడా, ఎందుకంటే అప్పటిదాకా వాళ్లకు ఎవరూ మొహం మీద చెప్పి ఉండరు. మారకపోతే పంపేయండి. లైంగిక వేధింపు, కులం మతం రంగు పేరుతో అవమానం లాంటివైతే ఈ ఓపికేమీ వద్దు, ఫిర్యాదు విచారణ పద్ధతి ప్రకారం వెంటనే వెళ్లాలి, ఫిర్యాదు చేసినవాళ్ల మీద కక్ష సాధింపు జరగకుండా చూడాలి.

బర్నౌట్ అంటే జబ్బా, బద్ధకమా?

రెండూ కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో దాన్ని తన కొత్త వర్గీకరణలో పనికి సంబంధించిన పరిస్థితిగా చేర్చింది, జబ్బుగా కాదు. మూడు లక్షణాలు చెప్పింది: సత్తువ అయిపోయినట్టు ఉండటం, పని అంటేనే విరక్తి పుట్టడం, చేసే పని ఏదీ సరిగ్గా కావట్లేదనిపించడం. చాలాకాలంగా ఉన్న పని ఒత్తిడిని సరిగ్గా సర్దుబాటు చేయకపోవడం వల్ల వస్తుందని కూడా రాసింది. కాబట్టి వారం సెలవిచ్చి, తిరిగొచ్చాక అదే పని అదే టేబుల్ మీద పెడితే రెండో వారానికి మళ్లీ మొదటికొస్తుంది. బాగా పనిచేసేవాళ్లకే ఇది ఎక్కువ వస్తుందని నా అనుమానం, ఎందుకంటే "ఇది అతనికివ్వండి, చేసేస్తాడు" అని అందరం వాళ్ల మీదే పడతాం.

ఉద్యోగుల సర్వే పెట్టాలా?

ఫలితం మీద ఏదైనా చేసే ఉద్దేశం ఉంటేనే పెట్టండి. అడిగి ఊరుకోవడం కంటే అడగకపోవడం నయం. ఎనిమిది మంది ఉన్న టీమ్‌లో పేరు లేని సర్వే అంటే నవ్వొస్తుంది, వయసు, విభాగం, ఎన్నేళ్లుగా ఉన్నారు అని మూడు అడిగితే ఎవరు రాశారో ఇట్టే తెలిసిపోతుంది. చిన్న చోట నేరుగా మాట్లాడటమే మేలు. పెద్ద చోట సర్వే పెడితే, రెండు వారాల్లో "మీరు చెప్పినవి ఇవి, వీటిలో ఈ రెండు చేస్తున్నాం, ఇది మాత్రం ఈ కారణం వల్ల చేయలేం" అని తిరిగి చెప్పండి. చేయలేమని చెప్పినా జనం అర్థం చేసుకుంటారు, మౌనాన్ని మాత్రం క్షమించరు.

ర్యాంకులు పెట్టి, చివరివాళ్లను తీసేస్తుంటే మిగతావాళ్లు బాగా పనిచేస్తారంటారు?

మైక్రోసాఫ్ట్ చాలా ఏళ్లు ర్యాంకులు పెట్టి 2013లో మానేసింది. పది మందిలో ఒకరికి తక్కువ మార్కు పడి తీరాలంటే, పక్కవాడికి సాయం చేయడం నాకు నష్టం. మంచివాళ్లు మంచివాళ్లున్న టీమ్‌లోకి వెళ్లడానికే భయపడతారు. పనిచేయనివాళ్లతో మాట్లాడాల్సిన మాట ఏడాది చివర మార్కుల వెనక దాచకుండా, విషయం జరిగిన వారంలోనే మాట్లాడండి.

మాది చిన్న కంపెనీ, డబ్బు లేదు. ఏం చేయగలం?

పై జవాబుల్లో డబ్బు అవసరమైనవి ఎన్నున్నాయో చూడండి. షిఫ్టుల పట్టిక రెండు వారాలు ముందే ఇవ్వడానికి ఖర్చు లేదు. లీవ్ అడిగితే "ఎందుకు, ఎవరికి బాలేదు, ఇంట్లో ఇంకెవరూ లేరా" అని ఆరా తీయకుండా "సరే, మీ పని ఎవరికి అప్పజెప్తున్నారు?" అని మాత్రం అడగడానికి ఖర్చు లేదు. విరిగిన కుర్చీ, పాడైన ఫ్యాన్, వేలాడే ఇంటర్నెట్ బాగుచేయడానికి కొంచెం అవుతుంది, అది పెట్టండి. శుభ్రమైన టాయిలెట్ లేని చోట విలువల పోస్టర్లు గోడకు అంటించకండి, దయచేసి.

నేను మేనేజర్‌ని కాదు, మామూలు ఉద్యోగిని. నా చేతిలో ఏముంది?

తక్కువే, అబద్ధం చెప్పను. కానీ కొత్తగా చేరినవాళ్లకు మొదటి వారంలో ఏది ఎక్కడుందో, ఎవర్ని ఏం అడగాలో చూపించేది మీరే. పక్కవాళ్ల ఐడియా మీటింగ్‌లో ఎవరో తమదిగా చెప్పేస్తుంటే "అది మొన్న ఆవిడ చెప్పింది" అనగలిగేదీ మీరే. మీ మేనేజర్‌తో మాట్లాడేటప్పుడు సమస్యతోపాటు ఒక చిన్న ప్రయోగం అడగండి: "ఈ రిపోర్టు రెండు వారాలు ఆపేసి చూద్దామా, ఎవరైనా అడిగితే మళ్లీ మొదలుపెడదాం." శాశ్వతంగా మార్చమంటే భయపడతారు, రెండు వారాలంటే ఒప్పుకుంటారు. ఏం చెప్పినా, ఎన్నిసార్లు చెప్పినా మారని చోట ఉన్నారనుకోండి, ఇంకో ఉద్యోగం చూసుకోవడం కూడా జవాబే, అందులో తప్పేం లేదు. చేతిలో ఆఫర్ వచ్చాకే రాజీనామా ఇవ్వండి.

ఇవన్నీ చేస్తే తేడా ఎప్పటికి కనిపిస్తుంది?

మొదటి వారంలో కనిపించే హుషారును నమ్మకండి. అమెరికాలో 1924లో మొదలైన హాథార్న్ ఫ్యాక్టరీ ప్రయోగాల గురించి వినే ఉంటారు. లైట్లు పెంచినా తగ్గించినా పని పెరిగిందని, తమను గమనిస్తున్నారన్న స్పృహే కారణమని దశాబ్దాలుగా చెప్పుకున్నారు. ఆ లైట్ల లెక్కలు దొరికాక ఇద్దరు ఆర్థికవేత్తలు 2011లో తిరిగి చూస్తే, చెప్పుకున్నంత సీన్ అందులో లేదు. అయినా కొత్త మార్పు ఏది వచ్చినా కొన్నాళ్లు అందరూ ఉత్సాహంగా ఉంటారన్నది మనం చూసేదే, అది అణగాక మిగిలేదే లెక్క.

ఆరు నెలలు చూడండి. ఎన్ని రాజీనామాలు వచ్చాయి, ఎవరివి, ఎన్ని తప్పులు ముందుగానే మీ దగ్గరకొచ్చాయి, ఎంతమంది లీవులు వాడుకుంటున్నారు, మానేసినవాళ్లలో ఎవరైనా తిరిగొస్తామని ఫోన్ చేశారా. ఇంకోటి, ఫిర్యాదులు మొదట పెరుగుతాయి. కంగారుపడి ఆపేయకండి, అప్పటిదాకా బయట గుంపుగా మాట్లాడుకున్నవే ఇప్పుడు మీ గదిలోకి వస్తున్నాయి.